రంగు పోయింది సరే, నీళ్లు బాగయ్యాయా? బావి నీళ్లలో కృత్రిమ రంగులను ల్యాబ్‌లో ఎలా పట్టుకుంటారు



ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. పోయిన వేసవిలో ఒక వీడియో పెట్టాను, మీలో చాలామంది చూసే ఉంటారు. వాగు పక్కనున్న మా బాబాయి బావిలో నీళ్లు నీలి రంగుకు తిరిగాయి. గాజు గ్లాసులో పోసి తెల్ల కాగితం ముందు పెడితే, నేరేడు పళ్లు తిన్న చెయ్యి కడిగినట్టు కనబడేవి. ఆ నీళ్లు డ్రమ్ములో పట్టి, కొంచెం జీవామృతం కలిపి, మూత పెట్టి ఉంచితే ఏడో రోజుకు నీలం పోయింది. గుడ్డలో వడకడితే లేత గడ్డి రంగు నీళ్లు వచ్చాయి. అంతే, నేను కెమెరా ముందు నిలబడి "చూశారా, జీవామృతంలోని సూక్ష్మజీవులు రంగును తినేశాయి, ఇక ఈ నీళ్లు పొలానికి పెట్టుకోవచ్చు" అని చెప్పేశాను.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పై వీడియోలో అదే బావి, అదే డ్రమ్ములు చూస్తారు. ఈసారి ల్యాబ్ రిపోర్టులు కూడా పక్కన పెట్టి చూపించాను. వీడియోలో టైము చాలక వదిలేసిన వివరాలు ఇక్కడ రాస్తున్నా.

నా తప్పు పట్టుకున్నది మా మేనకోడలు. యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ చేస్తోంది. ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "మావయ్యా, రంగు పోయిందా, రంగును మోసే పదార్థం పోయిందా? రెండూ ఒకటి కాదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా వీడియో చూసి బాబాయి అప్పటికే ఆ డ్రమ్ము నీళ్లు గోంగూరకు, తోటకూరకు పెడుతున్నాడు. ఆ ఆకుకూరలు ఆదివారం సంతలో "ప్రకృతి వ్యవసాయం" అని అట్ట ముక్క పెట్టి అమ్మేవి. మన మాట నమ్మి కొనేవాళ్ల పిల్లలు తినేవి.

అసలు ఈ రంగులు ఏమిటి

మా ఊరికి పైన, వాగు ఒడ్డున నూలుకు రంగులద్దే చిన్న యూనిట్లు కొన్ని ఉన్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. నాకు కావలసింది ఎవరినో తిట్టడం కాదు, నీళ్లలో ఏముందో తెలుసుకోవడం.

ఒకప్పుడు మన దగ్గర నూలు రంగంటే నీలిమందు, మంజిష్ఠ, చిరివేరు, కరక్కాయ. 1856లో ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కిన్ అనే కుర్రాడు మలేరియా మందు తయారు చేయబోయి తారు సరుకు నుంచి ఊదా రంగు తీశాడు. అక్కడి నుంచి కృత్రిమ రంగుల కాలం మొదలైంది. సరిగ్గా వందేళ్లకు, 1956లో, నూలు పోగుతో రసాయనికంగా బంధం కట్టే రంగులు మార్కెట్లోకి వచ్చాయి. వీటిని రియాక్టివ్ రంగులంటారు. ఇప్పుడు నూలు బట్టలకు ఎక్కువగా వాడేది ఇవే. ఉతికితే పోవు, ఎండకు వెలవవు. అందుకే జనానికి ఇష్టం. అందుకే వాగులోకి వచ్చినా తొందరగా పోవు. సబ్బుకు, ఎండకు తట్టుకోవాలని తయారుచేసిన వస్తువు మన బావిలోకి రాగానే మెత్తబడిపోతుందా?

వీటితో ఇంకో చిక్కుంది. రంగు తొట్టిలో వేసిన రంగంతా నూలుకు పట్టదు. కొంత రంగు నూలుతో కాకుండా నీళ్లతోనే చర్య జరిపేసి పనికిరాకుండా పోతుంది. రంగు రకాన్ని బట్టి తక్కువలో తక్కువ పదో వంతు, కొన్నిటిలో సగం దాకా కడుగు నీళ్లలో బయటికి పోతుంది. పైగా రంగు నూలు వైపు వెళ్లాలంటే తొట్టిలో ఉప్పు వెయ్యాలి. మామూలు ఉప్పో, సోడియం సల్ఫేటో, లీటరుకు 30 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా వేస్తారు. ఆ తర్వాత రంగు పట్టడానికి సోడా. ఈ ఉప్పులో నూలుకు పట్టేది ఏమీ లేదు, వేసిందంతా బయటికే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

ఇలాంటి రంగుల్లో పెద్ద కుటుంబం అజో రంగులు. రెండు నైట్రోజన్ పరమాణువులు జంటగా కట్టుకుని మధ్యలో వంతెనలా ఉంటాయి. ఆ వంతెన ఉన్నంతసేపే మన కంటికి రంగు. గాలి ఆడని చోట, పేడలో ఉండేలాంటి బ్యాక్టీరియా ఆ వంతెనను తెంచేస్తుంది. వంతెన తెగగానే రంగు మాయం. కానీ వంతెనకు అటూ ఇటూ ఉన్న ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. వాటి పేరు ఆరోమాటిక్ అమీన్లు.

మూత పెట్టిన నా డ్రమ్ములో జరిగింది ఇదే అయ్యుంటుందని మా మేనకోడలి అనుమానం.

అన్ని అమీన్లూ విషమే అని భయపెట్టడం నాకిష్టం లేదు. కొన్ని నీళ్లలో బాగా కరిగి, ఒంట్లో నిలవకుండా పోయే రకం. కొన్ని మాత్రం, ముఖ్యంగా బెంజిడీన్ లాంటివి, మనిషికి క్యాన్సర్ తెచ్చేవని రుజువైనవి. అందుకే జర్మనీ 1994లో అలాంటి అమీన్లు విడుదల చేసే అజో రంగులను నిషేధించింది. మన దేశమూ 1990ల్లో బెంజిడీన్ రంగులను, మరికొన్ని అజో రంగులను నిషేధించింది. మన బావిలోది ఏ రకమో తెలియనప్పుడు "తినేశాయి, అయిపోయింది" అనడం తప్పు. నేను అన్నది అదే.

శాంపిల్ పట్టడం: సగం పని ఇక్కడే

ల్యాబ్‌లో ఎంత ఖరీదు మెషీన్ ఉన్నా, మనం తీసుకెళ్లిన బాటిల్ సరిగ్గా లేకపోతే రిపోర్టు చిత్తు కాగితమే. నేను మొదటిసారి కూల్‌డ్రింక్ బాటిల్లో పట్టుకెళ్లాను. మా మేనకోడలు మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేసింది. "దీంట్లో నీ సోడా ఎంతుందో చెప్పగలను మావయ్యా, మీ బావి సంగతి చెప్పలేను" అంది.

రెండోసారి పద్ధతిగా చేశాం. ఒక్క బావి నీళ్లు చాలవు. కనీసం మూడు చోట్ల పట్టాలి: రంగు యూనిట్లకు పైన, అంటే వాగు ఎగువన ఉన్న ఒక బావి, అనుమానం ఉన్న బావి, దిగువన ఇంకో బావి. ఎగువ బావి లేకుండా వస్తే మీ దగ్గరున్న అంకెకు అర్థమే లేదు. మా నేలలోనే ఉప్పు ఉందేమో, ఇనుము ఉందేమో, అది ఎగువ బావి చెబుతుంది.

బావైతే పైన తేలే నీళ్లు కాకుండా లోపలికి దించి పట్టాలి. బోరైతే పది పదిహేను నిమిషాలు వదిలేశాక పట్టాలి, లేకపోతే పైపులో నిలవున్న నీళ్లే వస్తాయి. బాటిల్‌ని ముందు అదే నీళ్లతో రెండు మూడు సార్లు తొలచాలి. గాలి లేకుండా నిండా నింపాలి. రంగు పరీక్షకు ముదురు గాజు సీసా మంచిది, వెలుతురు తగలదు. సీసాను ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు, ఎంత ఆలస్యమైనా 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. లోహాల పరీక్ష కావాలంటే దానికి వేరే ప్లాస్టిక్ బాటిల్ ల్యాబ్ వాళ్లే ఇస్తారు, అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి ఉంటాయి. దాన్ని తొలచకండి! నేను తొలిచేశాను. యాసిడ్ అంతా నేలపాలు, మళ్లీ ఇంకో బాటిల్ కోసం 40 కిలోమీటర్లు.

సీసా మీద తేదీ, టైము, చోటు రాయాలి. టైము ఎందుకంటే, మా వాగులో రంగు తెల్లవారుజామున కనబడి, మధ్యాహ్నానికి పలచబడేది. మధ్యాహ్నం పట్టిన నీళ్లు "బాగున్నాయి" అంటే అది మధ్యాహ్నం మాటే.

ఇంట్లో చేసుకునే ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. రంగు వెయ్యని తెల్ల ఉన్ని దారం దొరికితే, ఒక గిన్నెలో ఆ నీళ్లు పోసి, రెండు చెంచాల వెనిగర్ వేసి, దారాన్ని అందులో పది నిమిషాలు మరిగించి, తర్వాత మంచి నీళ్లలో బాగా కడగాలి. ఆకుల కషాయం, మట్టి రంగు చాలావరకు కడుక్కుపోతాయి. ఆమ్ల జాతి కృత్రిమ రంగైతే దారానికి పట్టేస్తుంది. తినుబండారాల్లో రంగు పట్టుకోవడానికి పాతకాలం నుంచీ ఉన్న పరీక్ష ఇది. దారం తెల్లగా ఉందని మాత్రం ధైర్యం తెచ్చుకోకండి. పలచగా ఉన్న రంగు దీనికి దొరకదు, రంగు విరిగి మిగిలిన ముక్కలు అసలే దొరకవు. వంట గిన్నె వాడకండి, తర్వాత ఇంట్లో గొడవవుతుంది.

వెలుతురుతో కొలవడం

ల్యాబ్‌లో ముందుగా నీళ్లను 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా వడకట్టారు. నీళ్లలో తేలే బురద, నాచు కూడా కంటికి రంగులాగే కనబడతాయి. అవి పోయాక మిగిలేదే అసలు రంగు.

తర్వాత వచ్చేది యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్. పేరు పెద్దది గానీ పని తేలిక. ఒక సెంటీమీటరు వెడల్పున్న చదరపు గాజు గొట్టంలో నీళ్లు పోసి, దాని గుండా ఒక్కో రంగు వెలుతురును వరుసగా పంపుతారు. ఏ వెలుతురు ఎంత లోపలే ఉండిపోయిందో మెషీన్ గీత గీస్తుంది. నీళ్లు నీలంగా కనబడుతున్నాయంటే నారింజ, పసుపు వెలుతురును మింగేస్తున్నాయని అర్థం. మింగగా మిగిలిందే మన కంటికి వచ్చేది.

కంటికి కనబడే వెలుతురు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ప్రతి రంగు పదార్థానికీ తనకు ఇష్టమైన చోటుంటుంది, అక్కడ గీత గుట్టలా లేస్తుంది. మన కాళ్లకు పుండైతే పూసే జెన్షియన్ వయొలెట్ 590 దగ్గర లేస్తుంది. కాలేజీ ల్యాబుల్లో ఉండే మిథిలీన్ బ్లూ 664 దగ్గర. చేపల చెరువుల్లో ఒకప్పుడు తెగ వాడిన మలకైట్ గ్రీన్ 617 చుట్టుపక్కల. పీచు మిఠాయిలో దొంగతనంగా కలిపే రోడమిన్-బి 554 దగ్గర.

బాబాయి బావి నీళ్లకు గుట్ట 596 దగ్గర లేచింది. ఎత్తు 0.21. ఎగువ బావి నీళ్లకు గుట్టే లేదు, గీత నేల మీద పాకింది.

మన రైతులకు బాగా పనికొచ్చే విషయం ఇది: ఆకులు కుళ్లిన నీళ్లు, పేడ నీళ్లు, జీవామృతం వడకట్టిన నీళ్లు ఇవన్నీ గోధుమ రంగులోనే ఉన్నా, వాటి గీత ఎడమ నుంచి కుడికి కొండ వాలులా నున్నగా దిగుతుంది. మధ్యలో గుట్ట లేవదు. గుట్ట లేచిందంటే అక్కడ ఒకే రకం పదార్థం పోగుపడి ఉందన్న మాట. "ఇది మా జీవామృతం రంగేనండీ" అని ఎవరైనా వాదిస్తే ఆ గీతే జవాబు.

గుట్ట ఎత్తును బట్టి ఎంత ఉందో కూడా చెప్పొచ్చు. రంగు రెట్టింపైతే ఎత్తు రెట్టింపవుతుంది. తెలిసిన రంగును లీటరుకు 1, 2, 3, 4, 5 మిల్లీగ్రాముల చొప్పున కలిపి ఐదు గొట్టాలు కొలిచి, ఆ చుక్కల మీదుగా సరళ రేఖ గీసి, మన నీళ్లు ఆ రేఖ మీద ఎక్కడ పడతాయో చూస్తారు. కానీ దీనికి ఏ రంగో ముందే తెలియాలి. రియాక్టివ్ బ్లాక్ 5 అని నూలుకు విరివిగా వాడే నలుపు రంగుంది, దాని గుట్ట కూడా 597 దగ్గరే. "అదే అయ్యుండొచ్చు" అంది మా మేనకోడలు. వెంటనే, "కానీ రాయను. ఒక్క గుట్ట చూసి పేరు పెడితే, మీసం చూసి మనిషి పేరు చెప్పినట్టే" అంది.

ఇంకో హెచ్చరిక. మామూలు నీళ్ల పరీక్ష రిపోర్టులో "రంగు" అని ఒక వరుస ఉంటుంది, హేజెన్ యూనిట్లలో. తాగే నీళ్లకు 5 దాకా ఉండొచ్చని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. వేరే నీళ్లు దొరక్కపోతే 15 దాకా. ఆ కొలత పసుపు, గోధుమ రంగు నీళ్ల కోసం పుట్టింది. నీలి నీళ్లను దాంతో కొలిస్తే తప్పుడు అంకె రావొచ్చు. కాబట్టి రంగు నీళ్లు తీసుకెళ్లినప్పుడు "200 నుంచి 800 నానోమీటర్ల దాకా పూర్తి స్కాన్ కావాలి, గీత ప్రింటు ఇవ్వండి" అని నోరు తెరిచి అడగండి. 400 కాదు, 200 నుంచి. ఎందుకో ఇప్పుడు చెబుతా.

మళ్లీ డ్రమ్ములు పెట్టాం

నా మొదటి ప్రయోగంలో పెద్ద లోపం ఏంటంటే, పోల్చడానికి రెండో డ్రమ్మే లేదు. ఈసారి మూడు పెట్టాం. ఒకటో దాంట్లో బాబాయి బావి నీళ్లు 190 లీటర్లు, జీవామృతం 10 లీటర్లు. రెండో దాంట్లో ఎగువ బావి మంచి నీళ్లు 190, అదే జీవామృతం 10. మూడో దాంట్లో ఒట్టి బాబాయి బావి నీళ్లు. మూడింటికీ మూతలు, మూడూ ఒకే చింతచెట్టు నీడలో. మొదటి రోజు, ఏడో రోజు శాంపిళ్లు.

మూడో డ్రమ్ములో రంగు దాదాపు అలాగే ఉంది: 0.20. అంటే ఊరికే నిలవ ఉంచితే పోలేదు. ఒకటో డ్రమ్ములో 0.21 కాస్తా 0.03కి పడిపోయింది. అంటే నా పాత వీడియోలో కళ్లతో చూసింది అబద్ధం కాదు. జీవామృతం ఏదో చేసింది.

ఏం చేసింది? ఇక్కడే 400 కంటే కిందున్న భాగం కావాలి. మన కంటికి కనబడని అతినీలలోహిత వెలుతురును ఆరోమాటిక్ ముక్కలు మింగుతాయి. జీవామృతంలో బెల్లం, పిండి, పేడ రసం ఉంటాయి కాబట్టి దాని గీత కూడా అక్కడ ఎత్తుగానే ఉంటుంది. అందుకే రెండో డ్రమ్ము. ఒకటో గీతలోంచి రెండో గీతను తీసేసి చూశారు. మొదటి రోజు కూడా తీశారు, ఎందుకంటే అసలు రంగుకు కూడా ఆ భాగంలో సొంత గుర్తులుంటాయి. ఏడో రోజు మిగిలిన గీతలో, 596 దగ్గర గుట్ట లేదు గానీ, 250 చుట్టుపక్కల మొదటి రోజు కంటే ఎత్తు పెరిగింది. కంటికి కనబడే చోట తగ్గింది, కనబడని చోట పెరిగింది.

డ్రమ్ము అడుగున మడ్డి కూడా వదల్లేదు. దాన్ని కొంచెం క్షారం కలిపిన ఆల్కహాలుతో గిలకొట్టి వడకడితే లేత నీలం దిగింది. అంటే పోయిందనుకున్న రంగులో కొంత విరిగింది, కొంత పేడ మడ్డికి అంటుకుని అడుక్కు చేరింది. ఆ మడ్డిని నేను మొదటిసారి ఎక్కడ పోశానో తెలుసా? మా ఇంటి వెనక కరివేపాకు మొక్క మొదట్లో.

అయితే ఆ ముక్కలు ఏవి? ఈ మెషీన్ చెప్పలేదు. దానికి లిక్విడ్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ కావాలి. నీళ్లను ముందు ఒక చిన్న కాట్రిడ్జ్ గుండా పంపుతారు, రంగు ముక్కలు అందులో చిక్కుకుంటాయి. కొద్ది చుక్కల ద్రావకంతో వాటిని దింపితే అర లీటరులో ఉన్నదంతా రెండు మిల్లీలీటర్లలోకి వస్తుంది, అంటే 250 రెట్లు చిక్కబడుతుంది. దాన్ని సన్నని గొట్టం గుండా పంపితే ఒక్కో పదార్థం ఒక్కో టైముకు బయటికి వస్తుంది, వచ్చినదాని బరువును మెషీన్ తూస్తుంది. పోల్చడానికి అసలు పదార్థం ల్యాబ్ దగ్గర ఉంటేనే పేరు ఖాయంగా చెబుతారు. మామూలు పరీక్షలకు ఎన్నో రెట్లు ఖర్చు. మేం చేయించలేదు. చేయించాల్సిన అవసరం పడలేదు, ఎందుకో వినండి.

రంగు మీద గొడవ పడుతుంటే ఉప్పు ముంచేసింది

అదే రోజు, అన్నిటికంటే చవకైన పరీక్ష కూడా చేశారు. విద్యుత్ వాహకత, మనం ఈసీ అంటాం. ఎగువ బావి 820 మైక్రోసీమెన్స్. బాబాయి బావి 3,400.

సాగు నీళ్లకు 750 దాకా పర్వాలేదు, 750 నుంచి 2,250 దాకా జాగ్రత్తగా వాడాలి, అది దాటితే చాలా పంటలకు పనికిరావు అని 1954 నుంచీ వాడుకలో ఉన్న అమెరికా లవణ ప్రయోగశాల లెక్క. ఇది ఎక్కడో పై అంచు కూడా దాటేసింది.

సోడియం లీటరుకు 640 మిల్లీగ్రాములు, కాల్షియం 80, మెగ్నీషియం 48. వీటితో సోడియం అధిశోషణ నిష్పత్తి కట్టాలి, రిపోర్టుల్లో ఎస్ఏఆర్ అని ఉంటుంది. ముందు ఒక్కోదాన్ని దాని తుల్య భారంతో భాగించాలి: సోడియం 640ని 23తో భాగిస్తే 27.8, కాల్షియం 80ని 20తో భాగిస్తే 4, మెగ్నీషియం 48ని 12.2తో భాగిస్తే 3.9. కాల్షియం, మెగ్నీషియం కలిపి సగం చేస్తే సుమారు 4, దాని వర్గమూలం 2. సోడియం 27.8ని 2తో భాగిస్తే 14 వచ్చింది. 10 లోపు ఉంటే మంచిది. 10 దాటితే బరువు నేలల్లో బంకమట్టి విడిపోయి, నేల మూసుకుపోతుంది. వానొస్తే నీళ్లు ఇంకవు, ఎండొస్తే పెచ్చులు కడతాయి.

బాబాయి చేలో రెండేళ్లుగా నేల పెచ్చులు కడుతోంది. తోటకూర ఆకు అంచులు మాడుతున్నాయి. మేం ఇద్దరం అది అగ్గి తెగులు లాంటిదేదో అనుకుని కషాయాలు కొట్టాం. ఘనజీవామృతం ఇంకో రెండు బస్తాలు వేశాం. రెండేళ్లు!

రంగు తొట్టిలో ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇదీ ఆ ఉప్పే. రంగునైనా సూక్ష్మజీవి విరుస్తుందేమో గానీ ఉప్పును తినే సూక్ష్మజీవి లేదు. సోడియం విరిగేది కాదు, కుళ్లేది కాదు. డ్రమ్ములో ఏడు రోజులు ఉంచాక ఒకటో డ్రమ్ము ఈసీ తగ్గకపోగా కొంచెం పెరిగింది, గోమూత్రంలో కూడా లవణాలుంటాయి కాబట్టి.

తమిళనాడులో తిరుప్పూరు దిగువన నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం అని ఒక జలాశయం ఉంది. సాగు కోసమే కట్టారు. పైనున్న అద్దకం యూనిట్ల నీళ్లు చేరి చివరికి ఆ నీళ్లు మాకు వద్దని ఆయకట్టు రైతులే అన్నారు, కోర్టుకు వెళ్లారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, చుక్క నీరు బయటికి వదలని పద్ధతి పెట్టుకోని యూనిట్లను మూసెయ్యమంది. అక్కడ కూడా రైతుల నేలను చంపింది ముఖ్యంగా ఉప్పే. కంటికి కనబడింది మాత్రం రంగు.

మిగతా పరీక్షలు క్లుప్తంగా. సీఓడీ అంటే నీళ్లలోని సేంద్రియ పదార్థం మొత్తాన్ని ఘాటు రసాయనంతో కాల్చడానికి పట్టే ఆక్సిజన్, బీఓడీ అంటే సూక్ష్మజీవులు ఐదు రోజుల్లో (మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో) తినగలిగినదానికి పట్టేది. సీఓడీ ఎక్కువుండి బీఓడీ బాగా తక్కువుంటే సూక్ష్మజీవులకు లొంగని సరుకు ఉందని అనుమానించాలి. ఉప్పు ఎక్కువున్న నీళ్లకు సీఓడీ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, క్లోరైడు ఎంతుందో ల్యాబ్‌కు ముందే చెప్పండి. కొన్ని రంగుల్లో రాగి, క్రోమియం ఉంటాయి కాబట్టి ఆ రెండు లోహాలు ఒకసారి చూపించుకోవడం మంచిది. మాకు రెండూ హద్దులోనే వచ్చాయి, బతికిపోయాం.

ఎక్కడ చేయిస్తారు, తర్వాత ఏం చేయాలి

పీహెచ్, ఈసీ, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు ఇవి మీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వ్యవసాయ శాఖ మట్టి-నీటి పరీక్ష కేంద్రంలోనో అవుతాయి. రంగు స్కాన్ అక్కడ సాధారణంగా ఉండదు. దానికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు ల్యాబ్ గానీ, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఉన్న కాలేజీ గానీ చూసుకోవాలి. ఆ మెషీన్ పీజీ కాలేజీల్లో చాలాచోట్ల ఉంటుంది. గౌరవంగా అడిగితే లెక్చరర్లు కాదనరు, పిల్లలకు కూడా ప్రాజెక్టు అవుతుంది. డబ్బు తక్కువుంటే ముందు ఈసీ, సోడియం చేయించండి, రంగు తర్వాత.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం పట్టుకెళ్లిన బాటిల్ రిపోర్టు మనకు తెలియడానికే. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, యూనిట్ వదిలే నీళ్లను కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసిచ్చి పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపితేనే ఆ ఫలితం చట్టం ముందు సాక్ష్యం. మన రిపోర్టు ఆ అధికారిని మన వాగు దాకా రప్పించడానికి పనికొస్తుంది. మా అర్జీకి మూడు బావుల రిపోర్టులు, గీత ప్రింట్లు జత చేశాం. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోది పదకొండు మంది రైతుల సంతకాలతో ఇచ్చాక మనుషులు వచ్చి శాంపిళ్లు పట్టుకెళ్లారు. ఫలితం ఇంకా రాలేదు.

అద్దకం యూనిట్లు వదిలే నీళ్లకు మన దేశంలో 2016లో పెట్టిన హద్దుల్లో ఎస్ఏఆర్ 26 దాకా ఉండొచ్చని ఉంది. అంటే చట్టం ప్రకారం అంతా సవ్యంగా ఉన్న నీళ్లు కూడా మన నల్లరేగడికి సరిపోకపోవచ్చు. అర్జీలో "హద్దు దాటింది" అని రాసేముందు ఏ హద్దో చూసుకోండి, లేకపోతే మొదటి పేజీలోనే మనల్ని కొట్టిపారేస్తారు.

బాబాయికి రిపోర్టు చదివి వినిపించింది నేనే. మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "అయితే అబ్బాయ్, ఆకుకూరల్లోకి ఏం చేరిందో ఈ కాగితం చెబుతుందా?" అన్నాడు. చెప్పదు అన్నాను. ఇది నీళ్ల పరీక్ష, ఆకుల పరీక్ష వేరే. కాసేపాగి, "చెప్పనప్పుడు అమ్మకూడదు" అని లేచి వెళ్లి గోంగూర మడికి నీళ్లు కట్టేశాడు. ఆ అట్ట ముక్క ఇప్పుడు మా గొడ్లపాకలో ఉంది.

ఇప్పుడు ఆయన పక్క రైతు బోరు నుంచి పైపు వేసుకుని అరెకరం మాత్రం చేస్తున్నాడు. మిగతా చేనును వానల్లో మంచి నీళ్లతో కడగాలని ఆశ. దానికి ముందు మట్టి పరీక్ష చేయించి, జిప్సం ఎంత పడుతుందో లెక్క వేయించాలి. సోడియాన్ని మట్టి నుంచి వదిలించేది జిప్సంలోని కాల్షియమే, ఉత్త కషాయాలతో అయ్యే పని కాదు. మట్టి శాంపిళ్లు పోయిన బుధవారం పట్టాం, ఒక అడుగు లోతున ఎనిమిది చోట్ల. ఆ రిపోర్టు వచ్చాక ఆ వీడియో పెడతాను. పాత వీడియో తీసెయ్యలేదు, దాని పేరు మార్చి "ఇందులో చెప్పింది తప్పు" అని పైనే రాశాను. ఎవరికైనా పంపి ఉంటే, ఇది కూడా పంపండి.